సెల్లార్‌లో చుక్క పడకుండా ఆయిల్ మార్చాలంటే ఏ సామాను కొనాలి?

మియాపూర్ స్విఫ్ట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంటు, సెల్లార్ పార్కింగ్. బండి 2016 స్విఫ్ట్, పెట్రోలు. పోయిన ఆదివారం మొదటిసారి ఇంజన్ ఆయిల్ నేనే మార్చాను. ఆయిల్ మారింది, పరువు పోయింది.

ఇంట్లో పాత ప్లాస్టిక్ టబ్బు ఉంటే అదే కింద పెట్టా. ఇంజన్ అడుగున పాత ఆయిల్ దించే బోల్టు విప్పుతుంటే చేతిలోంచి జారి టబ్బులో పడింది. ఆయిల్ తిన్నగా కిందికి కారుతుందనుకున్నా. పైపుతో నీళ్లు కొట్టినట్టు అవతలికి ఎగిరి టబ్బు అంచు దాటింది. టబ్బు అటు జరిపేలోపు ధార సన్నబడి ఇటు పడటం మొదలెట్టింది. ఆ తర్వాత ఆయిల్ ఫిల్టర్. చేత్తో కదల్లేదు. ఏదో వీడియోలో చూసి స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి తిప్పితే రేకు చిరిగిందే గానీ ఫిల్టర్ రాలేదు. వాచ్‌మన్ దగ్గర ప్లంబర్ వదిలేసిన పైపు పానా ఉంటే దాంతో ఊడింది. కారిన నూనె మోచేతి మీదుగా చంకలోకి దిగింది. చివరికి టబ్బు ఎత్తి డబ్బాలో పోద్దామని వంచితే గ్లాసెడు నేలపాలు. అది గీత దాటి పక్క ఫ్లాట్ వాళ్ల పార్కింగ్‌లోకి పోయింది.

సాయంత్రానికి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో. సెక్రటరీ గారు ఫ్లాట్ నంబరు రాయలేదు గానీ, సెల్లార్‌లో ఎర్ర స్విఫ్ట్ ఒక్కటే ఉంది.

మళ్లీ బయట ఇవ్వడం ఇష్టం లేదు. అంతకుముందు మార్చిన షాపులో బోల్టును మిషను గన్నుతో బిగించేశారు, దాని తల సగం గుండ్రమైపోయింది. శుభ్రంగా అవ్వాలంటే నేను కొనాల్సింది ఏంటి? పైనుంచే ఆయిల్ లాగే వాక్యూమ్ పంపు ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను, అది కొంటే కిందికి దూరే పనే ఉండదు కదా? అన్నీ కలిపి మూడు వేలు పెట్టగలను.

ఉప్పల్ క్యాబ్

అన్నా, పరేషాన్ గాకు. మొదటిసారి అందరికి గట్లనే అయితది. నేను డిజైర్ నడుపుత, నెలన్నరకోపారి ఆయిల్ మార్చుడే.

పంపు నేను కొన్న. సన్న పైపు డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతున్నదో సూసే కడ్డీ) రంధ్రంల వెట్టి గుంజాలె. ఇంజన్ గరం ఉంటెనే వస్తది, సల్లగుంటె తేనె పాకినట్టు పాకుతది, పంపు కొట్టి కొట్టి రెక్కలు గుంజుతయి. పైపు అడుగుదాక పోయిందా మధ్యల వంగిందా పైకెల్లి తెల్వదు. ఒకపారి మొత్తం గుంజిన అనుకున్న, అనుమానమొచ్చి కింద బోల్టు ఇప్పితే ఇంకో చాయ్ గ్లాసు వచ్చింది, నల్లగ. ఫిల్టర్ కోసం ఎట్లైన కిందికి దూరాలె గద, ఇగ పంపెందుకు? మా ఇంట్ల అది అటక మీదున్నది.

పక్కోళ్ల జాగల మరకకు ముందుగాల నీళ్లు పోయకు, ఇంకింత పరుసుకుంటది. కట్టెకోత మిషన్ కాడ రంపపు పొట్టు దొరుకుతది, మందంగ సల్లి చెప్పుతోని రుద్దు, రాత్రంత ఉంచు. పొద్దుగాల ఊడ్సి సర్ఫ్ ముద్ద చేసి గట్టి బ్రష్‌తోని తోము. మొత్తం పోదు. సెక్రటరీ కోపమైతే పోతది.

డిపో బాబాయ్, విజయవాడ

బాబూ, నేను ఆర్టీసీ డిపోలో ముప్పయ్యొక్కేళ్లు మెకానిక్‌గా చేసి దిగిపోయినవాణ్ణి. ఇది మా మనవరాలు టైపు చేసిపెడుతోంది. తప్పులు దానివి, ఒప్పులు నావి.

నువ్వు రాసింది చూస్తే నూనె మూడుచోట్ల పోయింది. బోల్టు ఊడినప్పుడు, ఫిల్టర్ ఊడినప్పుడు, టబ్బు ఎత్తినప్పుడు. మూడు రోగాలకూ మందులు వేరు. పంపు మొదటిదానికే పనికొస్తుంది, అదీ ఉప్పల్ తమ్ముడు చెప్పినట్టు సగమే. కాబట్టి దాని మీద డబ్బు తగలెయ్యకు.

డిపోలో మాకు పిట్ ఉండేది. బస్సు పైన, మేం కింద నిలబడి పని. కారు కింద వెల్లకిలా పడుకుని బోల్టు విప్పడం నాకూ రిటైరయ్యాకే తెలిసింది. మా అమ్మాయి కారుకి మొదటిసారి మార్చినప్పుడు, కొత్తగా వేయించిన పార్కింగ్ టైల్స్ మీద అరలీటరు పోశాను. అంత సర్వీసు ఉండి! ఆ మరక ఇప్పటికీ ఉంది. మా ఆవిడ రోజూ పొద్దున్నే సరిగ్గా దాని మీదే ముగ్గేస్తుంది, ఏమీ అనదు.

ముందు బోల్టు సంగతి. సైజు నేను చెప్పను, కొలుచుకో. ఇదివరకు మార్చినవాడు వేరే బోల్టు పెట్టి ఉండొచ్చు. పానా మాత్రం ఆరు పలకల బాక్సు (బోల్టు తల మీద టోపీలా కూర్చునేది) తీసుకో. పన్నెండు పలకలది అరిగిన తల మీద జారుతుంది, ఓపెన్ పానా అయితే చెప్పక్కర్లేదు. ఆ గుండ్రమైన బోల్టును ఇంకోసారి వాడకు, కొత్త బోల్టు, కొత్త వాషరు కొను. పెద్ద ఖర్చు కాదు. వాషరు నలిగేదే ఆ పనికి, ఒకసారి నలిగింది రెండోసారి నలగదు, అక్కణ్ణించి చెమరుస్తుంది. అది చూసి జనం బోల్టును ఇంకా బిగిస్తారు, ఛాంబరు (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) మర పోగొట్టుకుంటారు.

ఇంజన్‌ను ఒక ఐదు నిమిషాలు తిప్పి ఆపు. చేత్తో ముట్టుకోగలిగే వేడి ఉండాలి. దూరం తిరిగొచ్చిన బండైతే పావుగంటో ఇరవై నిమిషాలో ఆగాలి, లేకపోతే బొబ్బలెక్కుతాయి.

ఇప్పుడు చేతి పని. పానాతో వదులు చేశాక పానా పక్కన పెట్టెయ్యి. బోల్టును లోపలికి నొక్కుతూ వేళ్లతో తిప్పు. అలా నొక్కి ఉంచినంతసేపూ నూనె చెమరుస్తుందే గానీ ధార కట్టదు. ఆఖరి మర వదిలినట్టు వేలికి తెలుస్తుంది, చిన్న కుదుపులా ఉంటుంది. అప్పుడూ లాగకు. నొక్కే ఉంచి, చెయ్యి ఏ పక్కకి తీస్తావో మనసులో అనుకుని, చటుక్కున పక్కకి లాక్కో. వెనక్కి లాగితే ధార అరచేతిలోకే వస్తుంది. మణికట్టుకు పాత బనీను ముక్క చుట్టుకో, చంకలోకి దిగే నూనె అక్కడే ఆగుతుంది. దీనికి ఏ షాపులోనూ సామాను అమ్మరు.

ట్రేకి నేను వాడేది పదిహేను కిలోల పామాయిల్ డబ్బా. నిలువునా కోసి రెండు ముక్కలు చేస్తే రెండు ట్రేలు వస్తాయి, కారు కింద పట్టేంత ఎత్తే ఉంటుంది. అంచు పట్టుకారుతో మడిచెయ్, లేకపోతే వేళ్లు తెగుతాయి. ఒక మూలను నొక్కి మూతిలా చేసుకో. ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. బోల్టు తల ఎటు చూస్తుంటే మొదటి ధార అటు ఎగురుతుంది, చివర్లో తిన్నగా కింద పడుతుంది. అందుకని ట్రేలో మూడొంతులు తల చూస్తున్న వైపు ఉండాలి, ఒక వంతు బోల్టు కింద ఉండాలి. మధ్యలో జరిపే పని రాకూడదు. నీ టబ్బు బోల్టు కింద సరిగ్గా మధ్యలో పెట్టి ఉంటావు, అందరూ అదే చేస్తారు.

ట్రే కింద ఫ్లెక్సీ పరుచు. మా వీధిలో పుట్టినరోజు ఫ్లెక్సీలకు కరువులేదు. బొమ్మ కిందికి ఉండేట్టు వేసుకో, ఎవరి మొహం మీద నూనె పడినా మనకు మంచిది కాదు. పని అయ్యాక దాని మీద అడుగువెయ్యకు, సర్రున జారుతుంది.

ఫిల్టర్‌కు పానా తప్పనిసరి, నీ డబ్బులు అక్కడ పెట్టు. ఫిల్టర్ అడుక్కి టోపీలా తొడిగేది దొరుకుతుంది. కొత్త ఫిల్టర్ చేతిలో పట్టుకుని షాపుకి వెళ్లి తొడిగి చూసి కొను, పలకలు సరిగ్గా కూర్చోవాలి. చోటుంటే బెల్టు పానా అయినా సరే. స్క్రూడ్రైవర్ దిగ్గొట్టడం ఆఖరి మార్గం, మొదటిది కాదు. పానాతో వదులవగానే ఆపి, లీటరు పాల కవరు కడిగి ఆరబెట్టింది ఫిల్టర్‌కు సంచిలా తొడుగు. కవరు మీదనుంచే తిప్పు. ఊడిన ఫిల్టరూ దాంతో వచ్చే నూనే అన్నీ కవర్లోనే ఉంటాయి, మూతి ముడేసి బయటికి తే.

పాత ఫిల్టర్ బయటికి రాగానే దాని రబ్బరు రింగు దానికే ఉందో లేదో చూడు. ఒక్కోసారి ఇంజన్‌కి అంటుకుని ఉండిపోతుంది. దాని మీదే కొత్తది బిగిస్తే రబ్బరు మీద రబ్బరు పడుతుంది. స్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉంటుంది, దారిలో ఒత్తిడికి జారి ఆయిలంతా రోడ్డు పాలవుతుంది, ఇంజన్ పట్టేస్తుంది. మా డిపోలో కొత్త కుర్రాళ్లకు నేను పాత ఫిల్టర్ చూపించందే కొత్తది ఇచ్చేవాణ్ణి కాదు. కొత్త రబ్బరుకు కొంచెం కొత్త నూనె వేలితో పూసి, చేత్తో బిగించు. రబ్బరు ఆనాక ముప్పావు చుట్టు. పానా విప్పడానికే, బిగించడానికి కాదు.

ఇంకొకటి. బండితో వచ్చిన జాకీ స్టెపినీ మార్చడానికి, దాని కింద మనిషి పడుకోవడానికి కాదు. ఇటుకలూ వద్దు, సిమెంటు దిమ్మలూ వద్దు, ఎప్పుడు పగులుతాయో తెలియదు. చక్రాలు ఎక్కించే ర్యాంపులు కొను, లేదా బండిని ఎత్తి నిలిపే స్టాండ్లు కొను. నీ మూడు వేలల్లో పెద్ద వాటా దానికే పోనీ. ఎక్కించాక గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, నేల మీదున్న చక్రాలకు అడ్డం పెట్టు.

డాలస్ క్యామ్రీ

బాబాయ్ గారూ, పాల కవరు చదివి నవ్వాను, మేమూ అదే చేస్తాం, ఇక్కడ జిప్ కవర్.

నాది 2014 టయోటా క్యామ్రీ కారు, 2.5 లీటర్ ఇంజన్. తొమ్మిదేళ్లుగా గ్యారేజీలో నేనే మారుస్తున్నా. స్విఫ్ట్ తమ్ముడికి పనికొచ్చేవి రెండు మూడు చెప్తాను.

మొదటిది, మూత ఉన్న డ్రెయిన్ డబ్బా. పళ్లెంలా వెడల్పుగా ఉంటుంది, పైన గుంటలో నూనె పడి రంధ్రంలోంచి లోపలికి పోతుంది. అయ్యాక మూత బిగించి నిలబెట్టి సూట్‌కేసులా పట్టుకుపోవచ్చు. టబ్బు ఎత్తి వంచే బాధ ఉండదు. ఒక్కటే జాగ్రత్త, పక్కన గాలి పోయే చిన్న మూత ఇంకొకటి ఉంటుంది, అదీ తెరవాలి. మొదటి ఏడాది నేను మర్చిపోయా. లోపలి గాలి బయటికి పోలేక నూనె పైన గుంటలోనే చెరువులా నిలిచి అంచు దాటింది. నాలుగు లీటర్ల పైచిలుకు ఆయిల్, నేను కింద పడుకుని ఉన్నా. మా ఆవిడ గ్యారేజీ తలుపు తీసి చూసి మళ్లీ వేసేసింది.

రెండోది, మా టయోటాలో ఫిల్టర్ రేకు డబ్బా కాదు, ప్లాస్టిక్ గిన్నెలో కాగితం ఫిల్టర్. గిన్నె అడుగున చిన్న మూత ఉంటుంది. అది విప్పి, కొత్త ఫిల్టర్ పెట్టెలో వచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని అక్కడ పైకి నొక్కితే గిన్నెలోని నూనె ఆ గొట్టంలోంచి బుద్ధిగా ట్రేలోకి దిగుతుంది. ఆ తర్వాతే గిన్నె విప్పాలి. పధ్నాలుగు పలకల 64 మిల్లీమీటర్ల పానా దీనికి సరిపోతుంది. నేను చాలా కాలం ఆ గొట్టం ఏదో ప్యాకింగ్ ముక్క అనుకుని చెత్తలో వేశాను.

మూడోది టార్క్ పానా, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో లెక్క చూపేది. గిన్నె మీదే 25 న్యూటన్ మీటర్లని అచ్చు వేసి ఉంటుంది, డ్రెయిన్ బోల్టుకు 40. స్విఫ్ట్‌కు ఎంతో మీ మాన్యువల్‌లో ఉంటుంది. గన్ను బాధితుడికి ఇది మనశ్శాంతి.

ఇంకా సుఖం కావాలంటే బోల్టు స్థానంలో బిగించే కుళాయి లాంటి వాల్వులు వస్తాయి, జపాన్ ఫుమోటో వాళ్లవి ఇక్కడ బాగా వాడతారు. చిన్న మీట పైకెత్తి తిప్పితే నూనె వస్తుంది, పైపు కూడా తగిలించుకోవచ్చు. నేను పెట్టించాక చేతికి చుక్క అంటలేదు.

పాత నూనెను ఇక్కడ ఆటోజోన్, ఓరైలీ లాంటి పార్టుల షాపులు ఊరికే తీసుకుంటాయి. ఒక్క కారులోంచి దిగిన నూనె పది లక్షల గాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. మీరు అక్కడ ఏం చేస్తారు?

డిపో బాబాయ్, విజయవాడ

కుళాయి మంచిదే, డాలస్ రోడ్లకి. ఛాంబరు కింద అంగుళం వేలాడేదేదైనా మన స్పీడ్ బ్రేకర్లకు భయపడాలి. మా కాలనీలో ఒకటుంది, వ్యాగనార్‌కే అడుగు తగుల్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పే బోల్టు కోసం రోజూ గుండె చేత్తో పట్టుకుని తిరగక్కర్లేదు. బోల్టు పైకి దూరి ఉండే బండైతే పెట్టుకోవచ్చు, ఒకసారి కింద చూసి నిర్ణయించుకో.

టార్క్ పానా విషయంలో ఆయనే కరెక్టు. నేను చేత్తోనే బిగిస్తాను, మణికట్టు బలంతో, భుజం బలంతో కాదు. అది రావడానికి నాకు పదేళ్లు పట్టింది, ఆ పదేళ్లలో రెండు ఛాంబర్లు పాడుచేశాను. నువ్వు కొనుక్కో.

నూనె పోసేటప్పుడు ఒక చిన్న కిటుకు. అందరూ డబ్బా మూతి కిందికి ఉండేట్టు వంచుతారు, గుడగుడమని ఎగిరి ఇంజన్ మీద పడుతుంది, ఆ తర్వాత వేడికి కాలి వారం రోజులు వాసన. మూతి పైభాగంలో ఉండేట్టు డబ్బాను తిప్పి పట్టి వంచు. మూతి పైసగం లోంచి గాలి లోపలికి పోతుంది, నూనె జారినట్టు వస్తుంది. గరాటా ఉన్నా ఇలాగే పట్టు. మొత్తం ఒకేసారి పొయ్యకు, అరలీటరు ఆపి, ఇంజన్ ఒక నిమిషం తిప్పి, బండి చదును నేల మీదికి దించి, డిప్‌స్టిక్ చూసి తక్కినది పొయ్యి.

వాడిన నూనె డిపోలో డ్రమ్ముల్లో పట్టేవాళ్లం, వేలంపాట పెట్టి అమ్మేవారు. ఊళ్లో అడిగినవాళ్లకు సెంట్రింగ్ రేకులకు పూసుకోడానికి, పాక గుంజలకు చెద పట్టకుండా, బండి ఇరుసులకు ఎవరో ఒకరు ఇచ్చేవారు.

(మనవరాలిని: తాతయ్య చెప్పింది టైపు చేశాను గానీ ఒప్పుకోను. గుంజకు పూసిన నూనె మట్టిలోకి దిగుతుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసేవాళ్లకే దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత పెట్టారు. తాతయ్య చేతులు చూస్తే ఇంకో సంగతీ తెలుస్తుంది. అన్నేళ్లు నూనెలో నానిన వేళ్లు చలికాలం వచ్చేసరికి పగిలి రక్తం వస్తాయి, రాత్రిళ్లు వాజలీన్ రాసి సాక్సులు తొడుగుతుంది అమ్మమ్మ. గ్లవ్స్ కొనమని తాతయ్య చెప్పలేదు, నేను చెప్తున్నా. నైట్రైల్ రబ్బరువి.)

సరే, గ్లవ్స్ కొను. నూనె ఖాళీ డబ్బాలో పోసి మీ దగ్గర్లో మంచి వర్క్‌షాపులో అడుగు, వాళ్ల డ్రమ్ములో పోసుకుంటారు. కాలవలో మాత్రం పొయ్యకు.

మియాపూర్ స్విఫ్ట్

బాబాయ్ గారూ, రబ్బరు రింగు మాట చదవగానే ఆఫీసులో చెమటలు పట్టాయి. నేను చూడలేదు. ఆ చిరిగిన ఫిల్టర్ ఏం చేశానో గుర్తులేదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ బాల్కనీలో పాత పేపర్ల వెనక వెతికి, వీడియో కాల్‌లో చూపించింది. నల్ల రింగు దానికే ఉంది. బతికిపోయా. రాత్రి టార్చి వేసి కింద కూడా చూశాను, తడి లేదు.

పంపు మానేశాను. ర్యాంపులు, ఆరు పలకల బాక్సు, ఫిల్టర్ పానా, గ్లవ్స్ ఒక పెట్టె కొన్నా. బడ్జెట్ కొంచెం దాటింది. టార్క్ పానా పైఫ్లోర్ ఆయన దగ్గర ఉందట, అడిగా. పామాయిల్ డబ్బా కిందున్న టిఫిన్ సెంటర్‌లో ఇచ్చారు.

మియాపూర్ స్విఫ్ట్ (రెండు వారాల తర్వాత)

మా బావమరిది వ్యాగనార్ మీద ప్రయోగం అయ్యింది. వాడు భయపడుతూనే ఇచ్చాడు.

ధార చక్కగా ట్రేలోనే పడింది, చివరి చుక్క దాకా. చెయ్యి పక్కకి లాగడం మాత్రం మొదటిసారి కుదరలేదు, బోల్టు మళ్లీ ట్రేలో పడింది. పాత స్పీకర్ అయస్కాంతంతో తీశా. ఫిల్టర్ పాల కవర్లోకి వచ్చింది, రబ్బరు ఉందని వాడికి కూడా చూపించి మరీ కొత్తది బిగించా. నేల మీద సున్నా. ఫ్లెక్సీ మీద నాలుగు చుక్కలు, అవి కూడా నూనె పోసేటప్పుడు డబ్బా మూతి తిప్పడం మర్చిపోయినందుకు.

అంచు మడవమన్నారు కదా, తర్వాత మడుద్దాంలే అనుకున్నా. రెండు వేళ్లకు బ్యాండెయిడ్.

డిపో బాబాయ్, విజయవాడ

మడిచాక ఆ ట్రేను బావమరిదికి ఇచ్చెయ్యి, రెండో సగం నువ్వు ఉంచుకో. వాడి బండి వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టు చుట్టూ తెల్లగుడ్డతో ఒకసారి తుడిచి చూడు. నల్లబడితే వాషరు సరిగ్గా కూర్చోలేదని. బిగించకు, మార్చు.